చిప్పులోని అచ్చుతప్పు

పాత తెలుగు గ్రంథాలలో చాలవాటికి కడపటి పుటలలో ‘తప్పొప్పుల పట్టిక’ ఒకటి కనిపిస్తుంది. ఏ పుటలో, ఏ పంక్తిలో, ఏ పదం తప్పుగా అచ్చయినదో, దానిని ఎలా దిద్దుకొని చదువుకోవాలో అందులో ఉంటుంది. అచ్చుకూటంలో దొర్లే ఈ దోషాలకు తెలుగువారు ‘ముద్రారాక్షసాలు’ అని పేరు పెట్టుకొన్నారు. విశాఖదత్తుని నాటకం పేరును అచ్చుతప్పులకు అంటగట్టిన చమత్కారి ఎవరో గాని, ఆ మాట మాత్రం నిలిచిపోయింది. పుస్తకం అమ్ముడై పాఠకుని ఇంటికి చేరిన తరువాత అందులోని అక్షరాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. తప్పును ఒప్పుకొని, దానిని దాటి చదివే దారి చూపడమొక్కటే చేయగలిగిన పని.

కంప్యూటరు చిప్పులకు కూడ ఇటువంటి పట్టికలు ఉన్నాయంటే వింతగా తోచవచ్చు. చిప్పును తయారుచేసే సంస్థ దానితోపాటు ‘డేటాషీట్’ అనే వివరణ గ్రంథాన్ని వెలువరిస్తుంది. చిప్పు ఏమేమి చేయగలదో అందులో వందల పుటలలో వ్రాసి ఉంటుంది. కొంతకాలానికి ‘ఎరాటా’ అనే మరొక పత్రం వెలువడుతుంది. చేయగలదని చెప్పిన పనులలో చిప్పు వేటిని సరిగా చేయదో ఆ పత్రం చెబుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పక విడిచిన విషయాలను బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణంలో చెప్పారు. అందువల్లనే దానికి ‘త్రిలింగ లక్షణ శేషం’ అనే పేరు కూడ ఉన్నది. ఎరాటా కూడ ఒక విధంగా శేషగ్రంథమే. ఒకటే తేడా: వ్యాకరణ శేషాన్ని విద్వాంసులు ఆదరించి చదివారు, చిప్పుల శేషాన్ని కష్టం వచ్చేవరకు ఎవరూ తెరవరు.

చిప్పుకూ పుస్తకానికీ ఉన్న పోలిక కేవలం ఉపమానం కాదు. సిలికాన్ పలకపై ట్రాన్సిస్టర్లను రూపొందించే ప్రక్రియ పేరులోనే లితోగ్రఫీ, అనగా రాతి అచ్చు, అనే మాట ఉన్నది. ‘మాస్క్’ అనే అచ్చుపలక గుండా కాంతిని ప్రసరింపజేసి, ఆకృతులను పొరపై పొరగా సిలికాన్‌పై ముద్రిస్తారు. మాస్కులో దోషం ఉంటే ఆ అచ్చులో వెలువడిన ప్రతి చిప్పులోనూ అదే దోషం ఉంటుంది. దానిని సరిదిద్దాలంటే కొత్త మాస్కులు తయారుచేయాలి. నెలల కాలం, విస్తారమైన ధనం కావాలి. అప్పటికే అమ్ముడుపోయిన చిప్పులు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. పెద్ద కంప్యూటర్ల ప్రాసెసర్లలో కొన్ని లోపాలను మైక్రోకోడ్ మార్పుతో కప్పిపుచ్చే వీలున్నది. చిన్నచిన్న యంత్రాలను నడిపే మైక్రోకంట్రోలర్లకు చాలవరకు ఆ భాగ్యం లేదు.

ఈ దోషాల స్వభావం తెలుసుకోవడానికి 1975లో అమెరికాలో మాస్ టెక్నాలజీ సంస్థ విడుదల చేసిన 6502 ప్రాసెసరు మంచి ఉదాహరణం. ఆపిల్-2 వంటి తొలితరం ఇంటి కంప్యూటర్లు దానితోనే నడిచాయి. అందులో జ్ఞాపకశక్తిని 256 బైట్ల ‘పుటలు’గా భావిస్తారు. వేరొక చోటికి దూకవలసి వచ్చినపుడు, ఆ చోటి చిరునామాను జ్ఞాపకంలోని రెండు వరుస బైట్లనుండి చదువుకొనే ఆదేశం ఒకటి ఉన్నది. మొదటి బైటు పుట చివర పడితే, రెండవదానిని తరువాతి పుట మొదటినుండి తీసుకోవాలి. 6502 అలా చేయదు. అదే పుట మొదటికి మరలిపోతుంది. తాటాకు ప్రతిని చదువుతున్నవాడు ఆకు చివరి అక్షరం చదివిన తరువాత ఆకు తిప్పడం మరచి, ఆ ఆకు మొదటి అక్షరాన్నే మళ్ళీ చదివినట్లు! చిరునామా చివరి భాగానికి ఒకటి కలిపినపుడు మిగిలే ఎక్కంకెను పై భాగానికి చేర్చకపోవడమే దీనికి కారణం. తరుణోపాయం సులభం: అటువంటి చిరునామాను పుట చివర ఉంచకపోతే చాలు. ఇది తెలిసినవానికి చిక్కు లేదు. తెలియనివాని ప్రోగ్రాము ఎక్కడికో దూకి, ఏదో చేసి, ఆగిపోతుంది.

ఈ తెలియకపోవడంలోనే అసలు బాధ ఉన్నది. 1994లో వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్ కళాశాలలో థామస్ నైస్లీ అనే గణితాచార్యుడు కవల ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాల మొత్తాన్ని లెక్కిస్తున్నాడు. ఇంటెల్ సంస్థవారి పెంటియం ప్రాసెసరు ఉన్న కంప్యూటరును కూడ ఆ పనికి చేర్చగా, జూన్ నెలలో ఫలితాలు పొసగకపోవడం కనిపించింది. అంకెలలో తేడా అతి స్వల్పం. మరొకరైతే ఉపేక్షించి ఉండేవారే. ఆయన మొదట అనుమానించినది తన ప్రోగ్రామును. తరువాత ఆ ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరును, ఆ పిమ్మట కంప్యూటరులోని తక్కిన భాగాలను. ఒక్కొక్కదానిని పరీక్షించి, కారణం కాదని తేల్చుకొంటూ రాగా నెలలు గడచిపోయాయి. అక్టోబరు నాటికి మిగిలినది ప్రాసెసరు ఒక్కటే.

దోషం భాగహారంలో ఉన్నది. భాగహారాన్ని త్వరగా చేయడానికి చిప్పులో ఒక పట్టికను అమర్చారు. మనుషులు ఎక్కాలు కంఠస్థం చేసినట్లు చిప్పు ఆ పట్టికను చూసి భాగఫలంలోని అంకెలను ఊహిస్తుంది. ఆ పట్టికలో ఉండవలసిన ఐదు గడుల విలువలు చిప్పులోకి ఎక్కలేదు. ఆ గడుల జోలికి పోనంతవరకు లెక్క తప్పదు, పోతే తప్పుతుంది. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి. లోపమున్న పెంటియం 1.33374 అని చెప్పేది. ఎటువంటి హెచ్చరికా లేకుండా, ఒప్పు చెప్పినంత ధీమాగానే చెప్పేది.

ఇంటెల్ సంస్థ ఈ లోపాన్ని ఆ సంవత్సరం మధ్యభాగంలోనే స్వయంగా కనిపెట్టి ఉన్నది. కాని బయటికి చెప్పలేదు. ఆచార్యుడు తన్ను తాను అనుమానించుకొంటూ గడపిన ఆ నెలలన్నిటా సమాధానం మరొకరి బల్లపై ఉన్నదన్నమాట. విషయం వెల్లడి అయిన తరువాత, సామాన్య వినియోగదారునికి ఇటువంటి తప్పు 27000 సంవత్సరాలకు ఒకసారి మాత్రమే ఎదురవుతుందని సంస్థ సమర్థించుకొన్నది. ఆ సమర్థన ఎవరికీ రుచించలేదు. లెక్కలు చేయడానికే కొన్న వస్తువు లెక్క తప్పుతున్నపుడు, ఎంత అరుదుగా తప్పుతుందన్న ప్రశ్న రెండవది. చివరకు 1994 డిసెంబరు 20న, అడిగిన ప్రతివారికీ చిప్పును మార్చి ఇస్తామని ఇంటెల్ ప్రకటించింది. ఇందుకు సంస్థ లెక్కల్లో చూపిన వ్యయం 47.5 కోట్ల డాలర్లు.

ఈలోగా క్లీవ్ మోలర్ మొదలైన గణితవేత్తలు చిప్పును మార్చకుండానే తప్పించుకొనే ఉపాయం ఒకటి రూపొందించారు. ప్రమాదం తెచ్చిపెట్టే విభాజకాలు కొన్ని ప్రత్యేకమైన బిట్ల వరుసలతో మొదలవుతాయి. ప్రోగ్రాము ముందుగా ఆ వరుసను పరిశీలిస్తుంది. అనుమానం కలిగితే విభాజ్యాన్ని, విభాజకాన్ని రెండింటినీ 15/16తో గుణించి, ఆ తరువాత భాగిస్తుంది. రెండింటినీ ఒకే సంఖ్యతో గుణించడం వల్ల భాగఫలం మారదు. విభాజకం మాత్రం ప్రమాద స్థలం నుండి పక్కకు తప్పుకొంటుంది. ఏడవ తరగతి భిన్నాల పాఠం పెంటియం ప్రాసెసరును గట్టెక్కించిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇటీవలి కాలానికి వస్తే, బ్రిటన్‌లోని కేంబ్రిడ్జికి చెందిన రాస్ప్‌బెర్రీ పై సంస్థ 2024 ఆగస్టులో ఆర్‌పి2350 అనే మైక్రోకంట్రోలరును విడుదల చేసింది. పికో 2 అనే చిన్న బోర్డుపై అమర్చిన ఈ చిప్పును విద్యార్థులు సైతం కొని ప్రయోగాలు చేయవచ్చు. ఒక విద్యార్థి దీనితో మేడపై నీళ్ళ ట్యాంకుకు మోటారు నడిపే ఏర్పాటు చేశాడనుకొందాం. ట్యాంకు నిండగానే నీటిలో తేలే బంతి పైకి లేచి స్విచ్చును కలుపుతుంది. చిప్పు పిన్నుకు 3.3 వోల్టులు అందుతాయి. ప్రోగ్రాము దానిని ‘1’గా గ్రహించి మోటారును ఆపుతుంది. నీరు తగ్గినపుడు స్విచ్చు విడిపోతుంది. అప్పుడు చిప్పు లోపలి ‘పుల్‌డౌన్’ నిరోధకం పిన్నును సున్నా వోల్టులకు దింపాలి. మోటారు మళ్ళీ నడవాలి.

ఆర్‌పి2350 తొలి అచ్చులో పిన్ను సున్నాకు దిగదు. లోపలినుండి స్వల్పంగా కారే విద్యుత్తు దానిని దాదాపు 2.2 వోల్టుల వద్ద పట్టి ఉంచుతుంది. లోపలి పుల్‌డౌన్ బలహీనమైనది. ఆ ప్రవాహాన్ని గెలవలేదు. చిప్పు ఆ వోల్టేజిని ‘1’గానే చదువుతుంది. ట్యాంకు ఎండిపోతుంది గాని మోటారు కదలదు. విద్యార్థి ప్రోగ్రామును తిరగవ్రాస్తాడు, తీగలను విప్పి కలుపుతాడు, స్విచ్చును మారుస్తాడు. తన చేతకానితనమేనని నిశ్చయించుకొనేవరకు ఏ తప్పూ దొరకదు.

ఎరాటాలో ‘ఇ9’ అనే గుర్తు కింద ఇదంతా వ్రాసి ఉన్నది. పరిహారాలూ ఉన్నాయి. వెలుపల 8.2 కిలో ఓములు గాని, అంతకు తక్కువ గాని విలువగల నిరోధకాన్ని పిన్నుకూ భూమికీ మధ్య కలిపితే పిన్ను సున్నాకు దిగుతుంది. లోపలి ‘పుల్‌అప్’లో ఈ దోషం లేదు కనుక, స్విచ్చును భూమివైపు కలిపి ప్రోగ్రాములో అర్థాన్ని తలక్రిందులు చేసినా సరిపోతుంది. బోర్డులు అప్పటికే అతికించి అమ్మినవారికి ఈ రెండూ పనికిరావు. వారికి మిగిలినది మూడవ మార్గం: పిన్నును చదివే క్షణంలో మాత్రమే దాని ప్రవేశద్వారాన్ని తెరచి, చదవగానే మూసివేయడం. తలుపు మూసి ఉన్నంతసేపు ఆ కారుడు ఉండదు. మొదటి ఉపాయానికి అయ్యే ఖర్చు అత్యల్పం. అయినా బోర్డు గీయకముందే ఆ పత్రం చదివినవారికే అది దక్కుతుంది. 2025లో వచ్చిన ‘ఎ4’ అనే కొత్త అచ్చులో సంస్థ ఈ దోషాన్ని సవరించింది. పాత అచ్చు చిప్పులు ఎన్నో బోర్డులపై ఇప్పటికీ ఉన్నాయి.

ఒక్కొక్కప్పుడు ప్రోగ్రాము వ్రాసేవానికి తెలియకుండానే పరిహారం జరిగిపోతుంది. 2016లో వచ్చిన ఇఎస్‌పి32 చిప్పు తొలి రూపాలలో, బయటి జ్ఞాపకాన్ని వాడినపుడు తలెత్తే దోషం ఒకటి ఉన్నది. తగిన ఎంపికను పేర్కొంటే, కంపైలరు తనంతట తానే కొన్ని అదనపు ఆదేశాలను మధ్యమధ్య చొప్పించి దానిని తప్పిస్తుంది. ప్రోగ్రాము కాస్త మందగిస్తుంది, అంతే.

6502లోని ఆ పుట దోషం తరువాత వచ్చిన 65సి02 చిప్పులో తొలగిపోయింది. అయితే జపాను దేశపు నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ఆటల యంత్రంలో ఉన్నది పాత 6502 రూపమే. అందులో దోషమూ ఉన్నది. ఆ యంత్రం మూలపడిన తరువాత కూడ దాని ఆటలను నేటి కంప్యూటర్లపై ఆడించడానికి ఎందరో అనుకరణ ప్రోగ్రాములు వ్రాశారు. పూర్వం తాళపత్ర లేఖకులు, చూచినదానిని చూచినట్లే వ్రాశామని ప్రతి చివర చెప్పుకొనేవారు. ఈ ప్రోగ్రాముల రచయితలదీ అదే పద్ధతి. పుట చివర చిరునామా ఎదురైనపుడు తరువాతి పుటకు పోకుండా అదే పుట మొదటికి మరలవలసిందని, వారు పనిగట్టుకొని రెండు మూడు పంక్తులు వ్రాసి పెడతారు.