బో విన్‌లో నలభై అయిదు లక్షల ఇల్లు

2025 ఫిబ్రవరిలో, మదర్సాకు షాబాన్ సెలవులు ఇచ్చిన తరువాత, నేను పది రోజులు థాయిలాండ్‌లో గడిపి వచ్చాను. ఈ మాట చెప్పగానే మా మొహల్లాలో కొందరు నా ముఖంలోకి వింతగా చూశారు. ఆ దేశం పేరు వింటే మనవారికి సముద్రపుటొడ్డు వినోదాలే తలపుకు వస్తాయి. నేను చూసి వచ్చిన థాయిలాండ్‌లో కర్మాగారాల ప్రహరీలు, కార్మికుల బస్సులు, చెరకు తోటలు, అమ్మకానికి పెట్టిన ఇళ్ళ వరుసలు ఉన్నాయి. నేను వెళ్ళింది ఒక ఇల్లు చూడటానికి.

మా అక్క కుమారుడు అక్కడ మోటారు వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో ఇంజినీరు. ఆరేళ్ళుగా భార్యాపిల్లలతో అద్దె ఇంట్లో ఉంటున్నాడు. మార్కాపురం సమీపంలో కీర్తిశేషులైన మా బావగారి భూమి అమ్మగా వచ్చిన 64 లక్షల రూపాయలు బ్యాంకులో ఉన్నాయి. ఆ సొమ్ములోంచి అక్కడ ఇల్లు కొనాలని అతని సంకల్పం. "మామూ, మీరొకసారి వచ్చి చూసి సరేనంటే అమ్మీ మనసు కుదుటపడుతుంది" అని టిక్కెట్టు పంపాడు. అప్పట్లో మన దేశస్థులకు అరవై రోజుల వరకు వీసా అవసరం లేని వెసులుబాటు ఉండటం వల్ల ప్రయాణం సులభమయింది.

విమానం దిగిన చోటు పేరు సువర్ణభూమి. అక్కడి నుండి ఆగ్నేయంగా విశాలమైన రహదారి వెంట ప్రయాణిస్తే చోన్‌బురి ప్రావిన్సు వస్తుంది. దానిలోని ఒక పట్టణం శ్రీరాచా. చెవికి మన మాటలాగే వినిపించే ఈ పేరులో 'శ్రీ', 'రాజ' పదాలే ఉన్నాయి. 1980ల నుండి థాయి ప్రభుత్వం ఈ తూర్పు తీరాన్ని పరిశ్రమలకు కేటాయిస్తూ వచ్చింది. 1991లో ప్రారంభమైన లెమ్ చబాంగ్ రేవు నేడు ఆ దేశంలోకెల్లా పెద్దది. 2018లో చేసిన ప్రత్యేక చట్టం చాచెంగ్‌సావ్, చోన్‌బురి, రేయోంగ్ ప్రావిన్సులను కలిపి తూర్పు ఆర్థిక మండలంగా తీర్చిదిద్దింది. శ్రీరాచాలో జపానువారు ఎంతమంది ఉన్నారంటే, వారి పిల్లల కోసం ప్రత్యేకంగా జపాను పాఠశాలే ఉన్నది.

శ్రీరాచా నుండి లోపలి వైపు వెళితే బో విన్ వస్తుంది. ఒకప్పుడు కర్రపెండలం, అనాస, చెరకు పండిన నేల. ఇప్పుడు నలువైపులా పారిశ్రామిక వాడలు. షిఫ్టు మారే వేళకు బస్సులు బారులు తీరుతాయి. ఈశాన్య ప్రాంతపు పల్లెల నుండి వచ్చిన యువతీయువకులు రోడ్డు పక్కన భోజనం పొట్లాలు కొనుక్కుని గదులకు పోతుంటారు. సముద్రం లేదు, యాత్రికులు లేరు. అందుకే ఇళ్ళు చౌక.

మా మేనల్లుడు చూపించిన ఇల్లు ఒక వరుసలోని రెండంతస్తుల ఇల్లు. స్థలం ఇరవై చదరపు వాలు. ఒక చదరపు వా అంటే నాలుగు చదరపు మీటర్లు. మన లెక్కలో మొత్తం సుమారు 96 గజాలు. వెల 18 లక్షల బాట్‌లు. బాట్‌కు రెండున్నర రూపాయల చొప్పున 45 లక్షలు. మన గుంటూరులోనో విజయవాడలోనో ఈ సొమ్ముకు ఇటువంటి ఇల్లు దొరకదని నాకూ తోచింది. పిల్లలు అప్పుడే మేడ మీద తమ గది ఏదో ఎంచుకున్నారు.

"రిజిస్ట్రేషన్ ఎవరి పేరున?" అని అడిగాను.

"నాతో పనిచేసే ఒక థాయి మిత్రుని పేరున మామూ. ఇక్కడ అందరూ అలాగే చేస్తారని ఏజెంటు చెప్పాడు."

నాకు మనసులో కలుక్కుమన్నది. మరునాడు ఇద్దరం శ్రీరాచాలో ఒక న్యాయవాది వద్దకు వెళ్ళాము. ఆమె ఓపికగా చెప్పిన విషయాలు మన పాఠకులలో ఎవరికైనా పనికిరావచ్చు గనుక ఇక్కడ పొందుపరుస్తున్నాను.

1954 నాటి థాయి భూచట్టం ప్రకారం సాధారణంగా విదేశీయుడు భూమికి యజమాని కాలేడు. ఇల్లు కొనటమంటే దాని క్రింది నేలను కూడా కొనటమే గనుక వరుస ఇళ్ళకూ ఇదే నియమం. విదేశీయుని కోసం తన పేరున భూమి ఉంచుకున్న థాయి పౌరుడూ నేరస్థుడే. జైలుశిక్ష పడవచ్చు, ఆ భూమిని అమ్మివేయమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. ఆ మిత్రుడు ఎంత మంచివాడైనా రేపు మరణిస్తే ఇల్లు అతని వారసులది. న్యాయస్థానానికి వెళ్ళి "అది నాది" అని చెప్పటమంటే, చట్టాన్ని అతిక్రమించానని మన నోటితో మనమే ఒప్పుకోవటం.

1979 నాటి చట్టం ప్రకారం అపార్ట్‌మెంటులో ఫ్లాటు మాత్రం విదేశీయుడు తన పేరున కొనవచ్చు. కాని ఒక భవనంలోని మొత్తం ఫ్లాట్ల వైశాల్యంలో విదేశీయుల వాటా 49 శాతం మించరాదు. పైగా శాశ్వత నివాస హక్కు లేనివారు సొమ్మును విదేశీ ద్రవ్యంగా బయటి నుండి తెప్పించి, ఆ మేరకు బ్యాంకు ధ్రువపత్రం చూపించాలి. అక్కడే బాట్‌లలో సంపాదించి దాచిన జీతం సాధారణంగా ఇందుకు చెల్లదు. ఈ మాట విని మా మేనల్లుడు తెల్లబోయాడు. ఆరేళ్ళుగా అతడు కూడబెట్టినది బాట్‌లలోనే.

మూడవ మార్గం కౌలు. భూమి కార్యాలయంలో నమోదు చేయిస్తే ముప్పై ఏళ్ళ వరకు చెల్లుతుంది. మూడేళ్ళు మించిన కౌలును నమోదు చేయకపోతే మూడేళ్ళకే విలువ. "ముప్పై తరువాత మరో ముప్పై" అని ఏజెంట్లు చెప్పేది వాగ్దానమే గాని హక్కు కాదు.

దస్తావేజుల సంగతి కూడా ఆమె చూపించింది. సంపూర్ణ యాజమాన్య పత్రాన్ని ఛనోత్ అంటారు. దాని మీద గరుడ ముద్ర ఎర్రగా ఉంటుంది. ఆకుపచ్చ, నలుపు ముద్రలున్నవి అంతకంటె తక్కువ స్థాయివి. పత్రం వెనుక వైపు ఆ భూమి ఎన్నిసార్లు చేతులు మారిందో, తాకట్టులో ఉన్నదో వ్రాసి ఉంటుంది. కొనేవాడు ముందు వైపు చూసి సంతోషిస్తాడు. చదవవలసింది వెనుక వైపు.

ఆ మధ్యాహ్నం ఒక హలాల్ హోటలులో భోజనం చేశాము. వజ్రాకారపు హలాల్ గుర్తు చూసి వెదకి పట్టుకున్నాము. దానిని నడిపేది దక్షిణాన పట్టానీ నుండి వచ్చిన ఒక వృద్ధురాలు. ఆమె వడ్డించిన ఖావ్ మోక్ గాయ్ అచ్చం మన కోడి బిర్యానీకి దూరపు చుట్టం, పసుపు రంగులో. మా మేనల్లుని ద్వారా ఆమెను అడిగాను, ఇక్కడ ఇల్లు కొన్నారా అని. ఆమె నవ్వి వీధి వైపు చేయి చూపించింది. ఎదుటి వరుసలో పన్నెండు ఇళ్ళు. అయిదింటికి 'ఖాయ్' అన్న పలక వేలాడుతున్నది. అమ్మబడును అని అర్థం. "కర్మాగారం తెరిస్తే ఇళ్ళు కొంటారు, మూస్తే పలకలు కడతారు" అన్నది.

ఆ మాట వట్టిది కాదు. 2024లో సుజుకి సంస్థ రేయోంగ్‌లోని తన కార్ల కర్మాగారాన్ని 2025 చివరికల్లా మూసివేస్తామని ప్రకటించింది. అదే 2024 జూలైలో చైనాకు చెందిన బి.వై.డి. రేయోంగ్‌లోనే విద్యుత్ కార్ల కర్మాగారాన్ని ప్రారంభించింది. ఇంజను భాగాలు చేసేవారి భవిష్యత్తు ఏమిటో ఎవరు చెప్పగలరు? మా మేనల్లుని పని అనుమతి అతని యజమాన్యంతో ముడిపడి ఉన్నది. ఉద్యోగం పోతే దేశంలో ఉండే హక్కే పోతుంది, ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది.

సాయంత్రం శ్రీరాచా తీరాన, వంతెనతో కలిపిన చిన్న దీవి వద్ద కూర్చున్నాము. దూరంగా సరకుల ఓడలు లంగరు వేసి ఉన్నాయి. అసలు ప్రశ్న అప్పటికి గాని నా నోట రాలేదు.

"ఆ 64 లక్షలలో నీ వాటా ఎంత?"

అతడు మాట్లాడలేదు. నేనే లెక్క చెప్పాను. మా అక్కకు ఎనిమిదవ వంతు, 8 లక్షలు. మిగిలిన 56లో కుమారునికి 28, ఇద్దరు కుమార్తెలకు చెరి 14. నలభై అయిదు లక్షల ఇంటికి అతని స్వంతమైనవి 28 మాత్రమే.

"చెల్లెళ్ళు వద్దంటారు మామూ. పెళ్ళిళ్ళకు ఖర్చు చేశాము కదా."

"నీవు అడిగావా?"

"అడగలేదు. అడిగితే కాదనరు."

కాదనలేకపోవటం వేరు, మనస్ఫూర్తిగా ఇవ్వటం వేరు. చేతికి అందని దానిని వదులుకున్నామని ఆడపిల్లలు మొహమాటంతో చెప్పే మాటను మనం అంగీకారంగా లెక్క వేసుకుంటున్నాము. ఇది అతనికి చెబుతూ నేనే సిగ్గుపడ్డాను. పాతికేళ్ళుగా విద్యార్థులకు వారసత్వ విభజన బోధిస్తున్నవాణ్ణి. బావగారు పోయి మూడేళ్ళయినా స్వంత అక్క ఇంట్లో ఈ లెక్క ఒక్కసారీ అడగలేదు. పరాయి దేశంలో పరాయివాని పేరున ఇల్లు ఎలా భద్రమని ప్రశ్నించిన నేను, మన ఇంటి ఆడపిల్లల సొమ్ము అన్నయ్య పేరున ఎలా భద్రమని ప్రశ్నించలేదు.

అతడు చాలాసేపు ఓడల వైపు చూస్తూ కూర్చున్నాడు. తరువాత అక్కడి నుండే ఇద్దరు చెల్లెళ్ళకూ ఫోను చేశాడు. ఎవరి వాటా ఎంతో చెప్పి, ఆ నెలలోనే వారి ఖాతాలలో వేస్తానన్నాడు. చిన్నది సంతోషంతో ఏదేదో మాట్లాడింది. పెద్దది కొంతసేపు మౌనంగా ఉండి, "భాయ్, దుకాణం బాకీ తీర్చుకోవచ్చా మరి?" అని మాత్రం అడిగింది. ఆమె భర్త కుట్టు దుకాణానికి బాకీ ఉన్నదని మాలో ఎవరికీ తెలియదు.

బో విన్ ఇల్లు కొనలేదు. మేడ మీద గది పోయినందుకు పిల్లలు రెండు రోజులు అలిగారు. అతడు అద్దె ఇంట్లోనే ఉన్నాడు. తన వాటాతో, వడ్డీ అప్పు లేకుండా, శ్రీరాచాలో తన పేరునే చిన్న ఫ్లాటు కొనవచ్చునా, లేక మన వైపే స్థలం తీసుకోవాలా అని ఆలోచిస్తున్నాడు. రెండింటిలో ఏది చేసినా దస్తావేజు వెనుక వైపు చదివే చేస్తాడని నా నమ్మకం.

విదేశాలలో బిడ్డలున్న తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. చౌకగా ఇల్లు దొరికిందని వారు ఫోను చేసినప్పుడు ధర అడగండి, చట్టం అడగండి, ఎవరి పేరున అని అడగండి. వాటికంటె ముందు, ఆ సొమ్ము ఎవరిదని అడగండి.