ఉప్మాక మెట్లమీద పుర్రచెయ్యి

పాత తెలుగు సినిమాల్లో డబ్బున్నవాళ్ళ ఇల్లంటే మూడు వస్తువులు వుండి తీరాలి. వంపు తిరిగిన మేడమెట్లు, షాండ్లియర్, పియానో! హీరోగారో హీరోయినో పియానో ముందు కూర్చుంటారు. కెమెరా ముఖమ్మీద వుంటుంది. దయతలిస్తే కుడిచేతి మీదికి దిగుతుంది. ఎడమచెయ్యి ఏం చేస్తోందో పట్టించుకున్న నాథుడు లేడు. బి.ఎన్.రెడ్డిగారి 'పూజాఫలం' (1964)లో జమున పియానో పాట ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సంగీతం మన సాలూరి రాజేశ్వరరావుగారిది. అన్నిసార్లు చూసినా ఎడమచెయ్యి సంగతి నాకూ తట్టలేదు.

తట్టించినవాడు నా మిత్రుడొకడు. మాటల్లేని చిన్న కామెడీ సినిమా తీస్తున్నాడు. "దానికి పాతకాలపు పియానో కావాలోయ్, స్ట్రయిడ్ అంటారే, అది" అన్నాడు. చిన్నప్పుడు మా మావయ్య దగ్గర హార్మోనియం నేర్చుకున్నవాణ్ణి కదా! "ఓస్, అంతేనా?" అనేశాను. సెకండ్ హాండ్ కీబోర్డు కొన్నాను. నెల్లాళ్ళు గడువు. మూడు వారాలు గడిచేసరికి మిత్రుడి ఫోను మోగితే గుండె దడ!

ఇంతకీ ఏమిటీ స్ట్రయిడ్?

స్ట్రయిడ్ అంటే పెద్ద అంగ. న్యూయార్కులో హార్లెం అనే నల్లవారి పేటలో, 1920ల నాటికి వూపందుకున్న వాయింపు. నాలుగు దెబ్బల తాళం అనుకోండి. ఒకటికీ మూడుకీ ఎడమచెయ్యి అడుగున గంభీరమైన స్వరం కొట్టాలి. రెండుకీ నాలుగుకీ అమాంతం పైకి గెంతి, నడిమిభాగంలో మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కాలి. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి... డ్రమ్ము, బేసు, గిటారు చెయ్యాల్సిన పనంతా ఆ ఒక్కచేతిదే. ఈలోగా కుడిచెయ్యి పాట పాడుతూ, తాళానికి కొంచెం ముందూ వెనకా ఆడుకుంటూ వుంటుంది. ఎడమచెయ్యి తడబడిందా, పాట మొత్తం కూలిపోతుంది.

ఈ విద్యకు పెద్దదిక్కు జేమ్స్ పి. జాన్సన్. ఆయన 'కెరొలైనా షౌట్' 1921లో రికార్డయింది. అంతకుముందే అది చిల్లులు పొడిచిన కాగితపు చుట్టమీద వుండేది. ఆ చుట్టను ప్రత్యేకమైన పియానోలో పెడితే, మనిషి లేకుండానే మెట్లు వాటంతటవే దిగుతాయి. కుర్రవాడైన డ్యూక్ ఎలింగ్టన్ ఆ చుట్టను బాగా నెమ్మదిగా తిప్పి, దిగిన మెట్లమీద తన వేళ్ళు ఆనించి నేర్చుకున్నాడట. జాన్సన్ శిష్యుడు ఫాట్స్ వాలర్ మూకీ సినిమాల కాలంలో థియేటర్లో ఆర్గన్ వాయించాడు. చివరికి 'స్టార్మీ వెదర్' (1943)లో తెరమీదే కనిపించాడు. ఇక ఆర్ట్ టేటమ్‌కి చూపు దాదాపు లేదు. ఆయన ఎడమచెయ్యి మాత్రం గురి తప్పేది కాదు!

నాకు రెండు కళ్ళూ వున్నాయి. గురి మాత్రం లేదు. కుడిచేతిని చూస్తే ఎడమది దారి తప్పుతుంది. ఎడమదాన్ని చూస్తే కుడిది పాట మరిచిపోతుంది. కీబోర్డు అమ్మేద్దామా అని కూడా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే మావయ్య కబురంపాడు. "ఉప్మాకలో మనవాళ్ళ పెళ్ళి. రా, అల్లుడూ."

చలో ఉప్మాక

అనకాపల్లి నుంచి తుని వైపు హైవే మీద బస్సెక్కితే యలమంచిలి దాటాక నక్కపల్లి వస్తుంది. అక్కడ దిగి ఆటో ఎక్కితే కాసేపట్లో ఉప్మాక. 2022 ఏప్రిల్ దాకా ఇది విశాఖ జిల్లా. ఇప్పుడు అనకాపల్లి జిల్లా. దూరం నుంచే గరుడాద్రి కొండ పలకరిస్తుంది. కొండమీద వెంకన్న, కొండకింద గుడి, చుట్టూ పొలాలు, కొబ్బరిచెట్లు. స్వామి గుర్రమెక్కి వేటకు బయల్దేరిన రూపంలో వెలిశాడంటారు భక్తులు. తిరుపతి వెళ్ళలేనివాళ్ళకు ఈయనే తిరుపతి వెంకన్న. మీరు వెళితే మాత్రం పొద్దున్నే కొండెక్కండి. ఎండ ముదిరితే రాయి కాళ్ళతో మాట్లాడుతుంది!

తెల్లవారుతుండగా నేనొక్కణ్ణే మెట్లెక్కడం మొదలుపెట్టాను. బుర్రలో స్ట్రయిడే. ఒకటి, రెండు, మూడు, నాలుగు... లెక్కపెడుతూ ఎక్కుతుంటే మెట్టు మెట్టుకీ తడబాటు. ఒకచోట కాలు జారి కూలబడ్డాను కూడా. ఆయాసం తీర్చుకుని లేచి, పొలాలమీద మంచు చూస్తూ నడిచాను. పైకి చేరాక గానీ తెలీలేదు, అంతసేపూ కాళ్ళను గురించి ఒక్కసారీ ఆలోచించలేదని. ఎడమకాలెప్పుడు వేశానో, కుడికాలెప్పుడు వేశానో! తమాషా ఏమిటంటే హార్మోనియం మీటల్ని కూడా మనం మెట్లనే అంటాం.

కిందికొచ్చేసరికి పెళ్ళిమేళం సాగుతోంది. ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళకు వెళుతున్నా డోలు వాయించే మనిషి చేతులు చూడలేదు నేను. ఆ రోజు వాటినే చూశాను. కుడిచేతి వేళ్ళకు గట్టి తొడుగులు, ఎడమచేతిలో పొట్టి పుల్ల. రెండు చేతులకూ రెండు వేర్వేరు పనులు. ఆయన చూపు మాత్రం సన్నాయి వూదే మనిషి మీద!

భోజనాలయ్యాక దగ్గరకు వెళ్ళి అడిగాను. "తాతా, పుర్రచెయ్యి తప్పకుండా ఎలా వాయిస్తావు?"

ఆయన నవ్వాడు. "ఏటి బాబూ, తప్పుద్దేమోనని దానికేసే సూత్తంటే తప్పకేటవుద్ది? ముందు ఒట్టి పుర్రసెయ్యే నడిపించాలి. నెలో, రెండు నెలలో. మాటాడతన్నా, వొవులితో దెబ్బలాడతన్నా అది నడుత్తుండాల. అప్పుడు గానీ కుడిసేతిని పిలవకూడదు."

నేను చేసిన తప్పేమిటో అప్పుడు తెలిసింది. మొదటిరోజే రెండు చేతులూ కలిపేశాను. తప్పు నా ఒక్కడిదే కూడా కాదేమో! ఎడమచేత్తో ఇవ్వకు, ఎడమచేత్తో తినకు అంటూ పెంచిన చెయ్యి. హార్మోనియం దగ్గరా దాని పని వెనక తిత్తి ఆడించడమే. స్వరం ముట్టుకునే భాగ్యం ఎప్పుడూ కుడిచేతిదే.

అలాగని మన గడ్డమీద ఈ విద్య లేదనుకోకండి. ఇదే ఉత్తరాంధ్రలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945), 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్, రెండు చేతులా రెండు తాళాలు, రెండు కాళ్ళా మరో రెండు తాళాలు వేస్తూ అయిదో తాళంలో పాడేవారని ప్రసిద్ధి. మనం రెండు చేతులకే ఏడుస్తున్నాం!

మావయ్య పెట్టె

సాయంత్రం మావయ్య ఇంటికెళ్ళాం. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ వూళ్ళో 'హరిశ్చంద్ర' వేసినా హార్మోనియం ఆయనదే. ఇప్పుడు కుడిచేతి వేళ్ళు వంకర్లుపోయి కదలవు. రెండేళ్ళుగా పెట్టె మూసే వుంది. నేను పియానో గొడవ చెబుతుంటే వింటూ వింటూ లేచి, దానిమీద గుడ్డ తీశాడు.

"కూర్చో. రెండు చేతులూ మెట్లమీద పెట్టు."

"మరి తిత్తి ఎవరు వెయ్యాలి, మావయ్యా?"

ఆయన నాకెదురుగా చతికిలబడ్డాడు. బాగున్న ఎడమచెయ్యి తిత్తిమీద వేసి, "ఇదింకా పనిచేస్తోందిలేవోయ్" అన్నాడు.

అరగంటసేపు ఒక్క ఎడమచెయ్యే. కింద ఒకటి, పైన మూడు. కింద ఒకటి, పైన మూడు. మావయ్య నా చేతులకేసి చూడనివ్వలేదు. పెళ్ళి కబుర్లు చెబుతూ, మధ్యమధ్య నన్ను ప్రశ్నలడుగుతూ గాలి పోస్తున్నాడు. ఏదో అడిగితే జవాబు చెబుతున్నాను. చెయ్యి ఆగలేదు! అప్పుడు, "వూఁ, కుడిచేతిని పిలు" అన్నాడు.

నాలుగు వరుసలు సాగింది. అయిదో వరుసలో కూలింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "రెండేళ్ళకి మోగింది పెట్టె" అంది, కళ్ళు ఒత్తుకుంటూ.

మిత్రుడికి ఫోన్ చేసి ఇంకో నెల గడువడిగాను. వాడు తిట్టాడు, ఇచ్చాడు. కీబోర్డు అమ్మడంలేదు. వచ్చే ఆదివారం దాన్ని చంకలో పెట్టుకుని మళ్ళీ ఉప్మాక వైపే నా ప్రయాణం. గాలి అక్కర్లేని వాయిద్యమని తెలిస్తే మావయ్య ఏమంటాడో మరి!