దీపం ఆరినంత మాత్రాన...

అటక మీది ఆవకాయ జాడీ దించాలంటే ఆడవాళ్ళే ఎక్కాలి. పండగ ముందు బూజు దులపాలన్నా, పంకా రెక్కల మీది దుమ్ము తుడవాలన్నా మనమే ఎక్కాలి. తీరా ఆ పంకా పక్కనున్న దీపం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నువ్వు దిగు, నీకెందుకు కరెంటు పని?" అంటారు ఇంటిల్లిపాదీ. పోనీ, అలా అన్న మగమహారాజులకైనా ఆ పని తెలుసా అంటే అదీ లేదు. ఫోను తీసి ఎలక్ట్రీషియన్‌ని పిలవడంతో వాళ్ళ పరిజ్ఞానం సరి! అంచేత చాలా ఇళ్ళల్లో కరెంటు దేవుడి లాంటిదైపోయింది. ఉందని అందరికీ తెలుసు, ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

నేను చదివింది బి.ఏ. చరిత్రా, తెలుగూ. అయినా ఈ విషయంలో నాకు నాలుగు ముక్కలు తెలిశాయంటే అది మా పెద్దమామయ్య పుణ్యం. విద్యుత్ శాఖలో జీవితమంతా గడిపిన మనిషి ఆయన. భోజనాల దగ్గర కూర్చుంటే పప్పులో ఉప్పు గురించి మాట్లాడినంత మామూలుగా ఫేజూ, న్యూట్రలూ గురించి మాట్లాడేవాడు. "దీపం ఆరిందంటే దీపం ఆరిందనే అర్థమే అమ్మాయీ, కరెంటు పోయిందని నమ్మకు" అనేవాడు ఎప్పుడూ.

ఇంట్లోకి వచ్చే తీగల్లో ఫేజు కరెంటుని మోసుకొచ్చేది, న్యూట్రల్ దాన్ని తిరిగి పంపేది. మూడోది ఎర్తు, ఏదైనా పొరపాటు జరిగితే కరెంటు మన ఒంట్లోంచి పోకుండా భూమికి చేర్చేది. స్విచ్ అన్నది ఎప్పుడూ ఫేజు తీగలోనే ఉండాలి. అలా ఉంటే స్విచ్ ఆపగానే కరెంటు బల్బు దాకా రాకుండా అక్కడే ఆగిపోతుంది. హడావిడిలో ఎవరో స్విచ్‌ని న్యూట్రల్‌లో పెట్టారనుకోండి, అప్పుడూ దీపం ఆరుతుంది. కాని కరెంటు హోల్డరు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. వీధి తలుపు బార్లా తీసి పెరటి తలుపు గడియ పెట్టినట్టన్న మాట! దొంగ ఇంట్లోనే ఉన్నాడు, మనం మాత్రం గడియ పెట్టామని నిశ్చింతగా ఉన్నాం.

మొన్న వేసవిలో మా ఇంట్లో సరిగ్గా ఇదే బయటపడింది.

మా అత్తగారి గదిలో ఎల్.ఇ.డి. బల్బు స్విచ్ ఆపినా రాత్రంతా మిణుగురులా మెరుస్తూ ఉండేది. "దీనికీ నాలాగే నిద్ర పట్టదు కాబోలే" అనేవారావిడ. ఇలా మెరవడానికి ఒక్కోసారి స్విచ్‌లో ఉండే చిన్న ఎర్ర దీపం కూడా కారణమవుతుందిట. మా స్విచ్‌కి అది లేదు. నాకు మామయ్య మాట గుర్తొచ్చింది. ఎలాగూ ఆ గదికి సీలింగు లైటు ఒకటి ట్రూప్ బజారులో కొని ఉంచాం కదా అని ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను.

ఆయన వెంట ఒక కుర్రాడు వచ్చాడు. నూనూగు మీసాలు, పద్దెనిమిదీ పంతొమ్మిదేళ్ళుంటాయేమో. వస్తూనే స్విచ్ ఆపి, బల్బు తీసేసి స్టూలెక్కబోయాడు.

"మెయిన్ ఆపలేదేం నాయనా?" అన్నాను.

"స్విచ్ ఆపేశాను కదమ్మా, ఐదు నిమిషాల పని" అన్నాడు.

"ఆ స్విచ్ మీద నాకు నమ్మకం లేదు. ఏదీ, హోల్డరులో టెస్టరు పెట్టి చూడు. వేలు మాత్రం పోనివ్వకు."

పెట్టాడు. టెస్టరులో ఎర్రగా వెలిగింది. కుర్రాడి మొహం మారిపోయింది. మేస్త్రీ మారు మాట్లాడకుండా వెళ్ళి మెయిన్ ఆపేశాడు. హాల్లో టీవీ ఆగింది, వంటింట్లో మిక్సీ ఆగింది, అత్తగారి గదిలో పంకా మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది! ఇన్వర్టరు దాని ధర్మం అది నిర్వర్తిస్తోంది మరి. మళ్ళీ టెస్టరు పెడితే మళ్ళీ వెలిగింది. ఇన్వర్టరు కూడా ఆపాక పంకా నెమ్మదించి ఆగింది, అప్పుడు గాని టెస్టరు చల్లబడలేదు. చూశారా, మెయిన్ ఆపితే ఇన్వర్టరు అందుకుంటుంది, ఇన్వర్టరు ఒక్కటే ఆపితే మెయిన్ ఎలాగూ ఉంది. రెండూ ఆపితేనే ఆపినట్టు.

మా నవలల్లో నాయకుడి వేళ్ళు తగిలితే చాలు, నాయికకి షాక్ కొట్టి గభాలున చెయ్యి లాక్కుంటుంది. అసలు షాక్‌కి అంత రసికత లేదు. ఆంపియరులో వెయ్యో వంతు మిల్లీ ఆంపియరు. అవి ఇంచుమించు పది దాటితే చేతి కండరాలు బిగుసుకుపోతాయి, తీగని వదలాలన్నా వదలలేం. ముప్ఫై దాటాక గుండెకే ముప్పు. 230 వోల్టుల మీద మన 9 వాట్ల చిన్న బల్బు తీసుకునేది సుమారు నలభై! అంటే చదువుకోడానికి చాలీచాలని ఆ వెలుగుకి పట్టే కరెంటు ఒక మనిషిని తీసుకుపోవడానికి సరిపోతుంది. మెయిన్ బోర్డులో ఎం.సి.బి. ఉంది కదా, పడిపోదూ అంటారేమో. లైట్ల ఎం.సి.బి. సాధారణంగా ఆరు ఆంపియర్లది, అంటే ఆరువేల మిల్లీ ఆంపియర్లు. అది తీగ కాలిపోకుండా కాపాడడానికి పెట్టింది. మనిషిని కాపాడడానికి పెట్టేది ఆర్.సి.సి.బి. ఇళ్ళకి ముప్ఫై మిల్లీ ఆంపియర్లది పెడతారు. దాని మీద 'టి' అని చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి, టక్కున పడిపోవాలి. పడకపోతే అది గోడకి అలంకారమే. ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు అన్ని ఇళ్ళలోనూ ఆ రక్షణ ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి.

మేస్త్రీ స్విచ్ బోర్డు విప్పి తీగలు సరిచేసి, ఫేజుని స్విచ్‌లోకి మార్చాడు. తర్వాత లైటు బిగిస్తుంటే దగ్గరుండి చూశాను. రంగులకో లెక్కుంది: మామూలుగా ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. కాని చేతికందిన తీగతో పని కానిచ్చేసే వాళ్ళుంటారు గనక రంగుని చూసి నమ్మకూడదు, ప్రతి తీగనీ పరీక్షించాలి. టెస్టరునైనా ముందు కరెంటున్న చోట పెట్టి, అది బాగుందో లేదో చూసుకోవాలి. ఎండ వెలుగులోనూ, పొడి చెక్క స్టూలు మీద నిలబడ్డప్పుడూ ఒక్కోసారి అది వెలిగినా వెలగనట్టే ఉంటుంది. తీగ కొస కనెక్టరులో దూరినంత మేరే తొక్క తీయాలి, రాగి బయటికి కనబడకూడదు. మర బిగించాక మెల్లిగా లాగి చూడాలి. వట్టి మెలి పెట్టి టేపు చుట్టేస్తే ఆ ముడి వదులై వేడెక్కుతుంది. లైటు బరువు స్లాబులో బిగించిన మరల మీదుండాలి గాని తీగల మీద వేలాడకూడదు. ఇనుప లైటయితే దాని ఒంటికి ఎర్తు తగిలించి తీరాలి. ఇనుప నిచ్చెనా, తడి చేతులూ పనికిరావు.

ఇదంతా చదివి మీరే కొంగు బిగించి స్టూలెక్కమని నేననడం లేదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు పాత బల్బో, ఫ్యానో, లైటో తీసి అలాంటిదే మరొకటి పెట్టుకోవడాన్ని మినహాయించి, కొత్త వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరే చెయ్యాలన్నాయి. వాటి స్థానంలో 2010లో వచ్చిన నిబంధనలూ అదే మాటన్నాయి. చెయ్యడం వాళ్ళ పనే. చెయ్యబోయే ముందు మెయిన్ ఆపించడం మాత్రం ఇంటి ఇల్లాలి పని అంటాను నేను.

ఎందుకంటారా? పనయ్యాక కుర్రాడికి మజ్జిగ ఇస్తూ "ఎప్పుడూ ఇలాగే ఎక్కేస్తావా?" అనడిగాను. గ్లాసు పట్టుకుని తలొంచుకున్నాడు. "మా అమ్మా రోజూ చెబుతుందండీ, మెయిన్ ఆపి ఎక్కమని. ఆపుతానంటే ఇంటివాళ్ళే కసురుకుంటారు. సీరియలొస్తోంది, ఫ్రిజ్ ఆగిపోతుంది, ఐదు నిమిషాల పనికి ఇంత హంగామానా అంటారు."

నేనేం మాట్లాడలేకపోయాను. పొద్దున్నే బిడ్డని పనికి పంపి సాయంత్రం దాకా గుమ్మం వైపు చూసే తల్లి ఒకామె ఉంది. ఆమె చెప్పిన మాట మన సీరియలు కోసం గాలిలో కలిసిపోతోంది.

అందుకని మెయిన్ ఎక్కడుందో, ఇన్వర్టరు మీద ఏ గదులున్నాయో ఇంట్లో ఉన్న ప్రతి ఆడపిల్లకీ చూపించండి. ఎవరు స్టూలెక్కినా, వాళ్ళు అడగకముందే మీరే వెళ్ళి రెండూ ఆపండి. దిగేవరకూ ఎవరూ వేసెయ్యకుండా ఆ బోర్డు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. పంకా ఆగితే చెమట పడుతుంది, నిజమే. చెమటదేముంది, కొంగుతో తుడుచుకుంటే పోతుంది.