అవ్వ విశ్వాసము – మనుమని పాట



జగిత్యాల, కోరుట్ల ప్రాంతపు సంఘాలలో ఆదివారము ముందు పిల్లలు, వెనుక ముసలివారు కూర్చుందురు. నడుమ వయసు పురుషులు తక్కువ. అనేకులు దుబాయి, సౌదీ, మస్కట్‌లకు పనికి పోయినవారే. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగినప్పుడు కుటుంబాలు భీవండి దారి పట్టినవి. ఇంట మిగిలిన తల్లికి బీడీలు చుట్టుటతోనే పొద్దుపోవును. అందుచేత పిల్లలకు విశ్వాసము అందించు భారము అవ్వతాతలమీద పడినది.

ఇది క్రొత్త సంగతి కాదు. తిమోతి విశ్వాసమును తలచినప్పుడు పౌలు మొదట పేర్కొన్నది అతని అవ్వ లోయినే (2 తిమోతి 1:5).

అయితే మనలో పెద్దల కూడిక వేరు, యౌవనస్థుల కూడిక వేరు. 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు అవ్వకు పుస్తకము లేకనే వచ్చును. మనుమనికి ఆ రాగము తెలియదు. మనుమనికి కీబోర్డు వచ్చును. అవ్వకు ఆ క్రొత్త పాట అందదు. ఒకరినొకరు తప్పుపట్టినందున లాభమేమి?

మూడు చిన్న పనులు చేయుదము. నెలకొక కీర్తన అవ్వ నేర్పవలెను, మనుమడు వాయింపవలెను. చూపు తగ్గిన తాతకు మనుమరాలు దినమునకొక అధ్యాయము చదివి వినిపింపవలెను. కుటుంబ ప్రార్థనలో గల్ఫులోనున్న తండ్రిని ఫోనులో కలుపుకొని ఆయనచేతనే ప్రార్థన చేయింపవలెను.

దూరము మన యింటి విశ్వాసపు గొలుసును తెంపకుండును గాక! ఆమేన్.