కొండదారిలో తోవ చూపేదేది?

రాజమండ్రి నుండి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరి, అక్కడ ఘాట్ రోడ్డెక్కి, అడవిలో నుండి చింతూరు దిగి, భద్రాచలం వెళ్లే దారిని మన పాఠకులలో అనేకులు చూసే ఉంటారు. మొత్తం సుమారు 200 కిలోమీటర్లు. వరిచేలతో మొదలై, జీడిమామిడి తోటలు, వెదురు పొదలు, కొండరెడ్ల పల్లెలు, కోయ గూడేలు దాటి శబరి ఒడ్డుకు, అక్కడినుండి గోదావరి ఒడ్డుకు చేరుస్తుంది. బస్సులో వెళ్లేవారు కిటికీ పక్కన కూర్చుని ఈ అందమంతా చూడవచ్చును. మోటారుసైకిలు మీద వెళ్లేవారు మాత్రం అందంతోపాటు దారిని కూడా చూసుకోవలెను.

గత అక్టోబరు నెలలో మేము ముగ్గురము మూడు బండ్ల మీద ఈ దారిన వెళ్లాము. మాలో ఒకరు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. ఊరంతా ఆయనను మాస్టారు అనే పిలుస్తారు. ఇంకొకరు మందుల షాపు నడుపుకునే తమ్ముడు. మాస్టారు గారు కొండ గ్రామాలలో ఉన్న తమ పాత విద్యార్థుల ఇండ్లకు పెళ్లికైనా చావుకైనా వెళ్లకుండా ఉండలేరు. వేసవిలో ఒక రాత్రి ఆయన ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. ఫోను కలియలేదు. అమ్మగారు అంతవరకు వీధి అరుగు మీదనే కూర్చున్నారు. ఆ సంగతి విని అమెరికాలో ఉన్న కుమారుడు, "నాన్నా, బండికి మంచి జీపీఎస్ పెట్టుకోండి. ఏది కావాలో చెప్పండి, పంపిస్తాను" అన్నాడు. ఏది కావాలో వాడి చూస్తేనే గదా తెలిసేది! అందుచేత మూడు బండ్లకు మూడు రకముల ఏర్పాట్లు ఉండునట్లు చూసుకుని బయలుదేరాము.

ఒక బండికి మామూలు ఫోను, హ్యాండిలు మీద స్టాండులో బిగించినది. తమ్ముడి కొత్త బండికి కంపెనీవారే అమర్చిన చిన్న గుండ్రని డయలు. అది ఫోనుతో బ్లూటూత్ ద్వారా కలిసి బాణం గుర్తు చూపిస్తుంది. మాస్టారు గారి బండికి ఒక మిత్రుని దగ్గర అరువు తెచ్చిన ప్రత్యేక పరికరం. ఇది మోటారుసైకిళ్ల కోసమే తయారైనది. బండి బ్యాటరీ నుండే కరెంటు తీసుకుంటుంది.

ఉపగ్రహం చెప్పేది ఎంత?

ప్రయాణపు సంగతులకు ముందు ఒక మాట చెప్పవలసి ఉన్నది. "ఉపగ్రహం దారి చూపుతుంది" అని మనమంతా అనుకుంటాము. నిజానికి ఉపగ్రహం దారి చూపదు. అది తన స్థానమును, సమయమును మాత్రం ఎడతెగక ప్రకటిస్తూ ఉంటుంది. అమెరికావారి జీపీఎస్ ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుసార్లు భూమిని చుట్టి వస్తాయి. అవి పంపే సంకేతం సెకనులో పదిహేనవ వంతు కాలంలో మన చేతిలోని పరికరానికి అందుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహముల మాట విని, ఏ సంకేతం ఎంతసేపటికి వచ్చిందో లెక్క కట్టి, "నీవు ఇక్కడ ఉన్నావు" అని ఆ పరికరమే తేలుస్తుంది. అంతే. ఏ సందు తిరగాలో, ఏ వంతెన ఎక్కాలో ఉపగ్రహానికి తెలియదు. అది పరికరంలో ఉన్న పటం చెప్పవలసిన మాట.

ఈ ఏర్పాటు 1995 నాటికి పూర్తిగా పనిచేయసాగింది. మొదట సామాన్యులకు అందే సంకేతమును అమెరికా ప్రభుత్వమే కావాలని కొంత మసకగా ఉంచేది. 2000 మే నెల మొదట్లో ఆ అడ్డు తీసివేశారు. ఆ తరువాతనే ఇది సామాన్యుల వాహనములకు నిజముగా పనికివచ్చింది. మన దేశం కూడా ఊరకుండలేదు. 2013 జూలై 1న మన శ్రీహరికోట నుండి మొదటి ఉపగ్రహం లేచింది. 2016 ఏప్రిల్ 28న ఏడవది వెళ్లాక ఈ ఏర్పాటుకు నావిక్ అని పేరు పెట్టారు. వీటిలో కొన్నింటి అణుగడియారములు చెడిపోయినందువలన క్రొత్తవి పంపే పని సాగుతున్నది. రష్యా, ఐరోపా, చైనా దేశములకు సైతం తమ తమ ఉపగ్రహములు ఉన్నాయి. నేటి ఫోనులు, పరికరములు వీటిలో అనేకము ఒకేసారి వినగలవు. కాబట్టి ఆకాశం వైపు నుండి మనకు కొరత లేదు.

కొరత వచ్చేది నేల మీదనే. దారి చూపే పనికి నాలుగు కావాలి: ఉపగ్రహ సంకేతం, పటం, కరెంటు, కొన్నింటికి ఇంటర్నెట్టు. ఏ పరికరం ఈ నాలుగింటిలో దేని మీద ఎంత ఆధారపడి ఉన్నదో తెలిస్తే, కొనుట సులభం.

ఎండలో, వానలో, అడవిలో

గోకవరం దాటేసరికి ఎండ ముదిరింది. స్టాండులోని ఫోను వేడెక్కి, తెర మసకబారింది. ఫోను తన్ను తాను కాపాడుకొనుటకు అలా చేస్తుంది. నీడన ఐదు నిమిషాలు ఆపిన తరువాత తేరుకున్నది. గుండ్రని డయలు, ప్రత్యేక పరికరం మాత్రం ఆ ఎండలో చక్కగా కనబడినవి.

రంపచోడవరంలో టిఫిను చేసి మారేడుమిల్లి చేరాము. పర్యాటకులు దిగి, వెదురు బొంగులో కాల్చిన కోడిమాంసం కోసం బారులు తీరి ఉన్నారు. అక్కడ ఫోనులో సిగ్నలు ఉన్నది. ఘాట్ రోడ్డు ఎక్కి నాలుగు మలుపులు తిరిగేసరికి పోయింది. అడవి దట్టమైనది, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. అంతలో వాన మొదలైంది. ఫోను తెర మీద పడిన చినుకులను అది వ్రేళ్లనుకుని, పటమును అటూ ఇటూ జరపసాగింది. తడిసిన చేతితో తాకితే పలుకలేదు. దానిని తీసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, జేబులో పెట్టుకోవలసి వచ్చింది.

డయలు సంగతి వేరు. ఫోను తమ్ముడి జేబులో భద్రంగానే ఉన్నది గనుక, ముందే లెక్కించిన దారిలో వెళ్లినంతసేపు బాణం చూపించింది. ఒక జలపాతం చూడటానికి పక్కదారి పట్టగానే అది మూగబోయింది. తిరిగి దారి లెక్కించుటకు ఆ ఫోనుకు ఇంటర్నెట్టు కావాలి. ఇంటర్నెట్టుకు టవరు కావాలి. అడవిలో టవరు లేదు.

మాస్టారు గారి బండి మీది పరికరం మాత్రం వానలో చేతి తొడుగులతో తాకినా పలికింది. పటమంతా దాని కడుపులోనే ఉన్నది గనుక టవరుతో నిమిత్తం లేదు. "ఇదే కొనాలిరా" అని మాస్టారు గారు అప్పుడే తీర్మానించుకున్నారు. కాని ఇంకా కొంతదూరం ఉన్నది.

టీ బడ్డీలో విన్న మాట

ఘాట్ దిగాక మేము ఒక పల్లెకు వెళ్లవలసి ఉన్నది. పరికరం ఎడమవైపు మట్టిదారి చూపి, ఐదు కిలోమీటర్లు కలిసివస్తుందన్నది. దారి మొగలో టీ బడ్డీ కనబడింది. టీ తాగుతూ అక్కడి అక్కను అడిగాము. ఆమె గ్లాసులు కడుగుతూనే, "అటు పోకండి అన్నా. వానలకు తూము కొట్టుకుపోయింది. నడిచేవాళ్లు దిగి ఎక్కుతున్నారు గాని బండి పోదు. రోడ్డునే పోయి, బడి దగ్గర తిరగండి" అన్నది. పక్కన కూర్చున్న ముసలాయన, "మొన్న పాలబండి అక్కడే దిగబడింది" అని వంత పాడాడు. మేము రోడ్డునే వెళ్లాము. వచ్చేటప్పుడు ఆ మట్టిదారి రెండవ చివర నుండి చూశాము. తూము ఉండవలసిన చోట నిలువెత్తు గండి, అందులో ఎర్రని నీరు. సాయంత్రపు చీకటిలో ఆ మలుపు తిరిగిన బండి ఆగే అవకాశం లేదు.

ఉపగ్రహం ఆనాడు తప్పు చెప్పలేదు. మేము ఎక్కడున్నామో సరిగ్గానే చెప్పింది. పటం మాత్రం నిన్నటిది. ఇది చిన్న సంగతి కాదు. 2024 నవంబరులో ఉత్తర ప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, వరదకు ఒక భాగం కొట్టుకుపోయిన వంతెన మీదికి ఒక కారు వెళ్లి రామగంగా నదిలో పడింది. అందులోని ముగ్గురూ మరణించారు. దారి చూపే యాప్‌ను అనుసరించి వెళ్లారని వార్తలు వచ్చాయి. పటంలో వంతెన ఉన్నది. నేల మీద లేదు. వాగులు, కాజ్‌వేలు ఉన్న మన మన్యంలో, ప్రతి వర్షాకాలం దారులు మారే చోట, ఈ మాట మరువరాదు.

ఎవరికి ఏది?

చింతూరులో శబరి ఒడ్డున ఆ రాత్రి బస చేసి, మేము మాట్లాడుకున్న సంగతుల సారాంశం ఇది.

మొదటిది, ఫోను. ఎక్కువగా సొంత జిల్లాలో, తారురోడ్ల మీద తిరిగేవారికి ఇదే చాలును. క్రొత్త ఖర్చు లేదు. 2017 డిసెంబరు నుండి గూగుల్ పటములలో మన దేశపు ద్విచక్ర వాహనములకు ప్రత్యేకముగా దారి చూపే ఏర్పాటు కూడా ఉన్నది. అయితే బయలుదేరకముందే ఇంట్లో, సిగ్నలు ఉన్నప్పుడు, వెళ్లే ప్రాంతపు పటమును ఫోనులోకి దించుకొనవలెను. అది ఎల్లకాలం ఉండదు. అప్పుడప్పుడు తాజా చేసుకోవాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటములతో, ఇంటర్నెట్టు లేకుండా నడిచే యాప్‌లు కూడా ఉన్నాయి. నీరు చొరని కవరు, బండికి చార్జింగు పాయింటు తప్పనిసరి. మరొక జాగ్రత్త: పెద్ద ఇంజనుగల మోటారుసైకిళ్ల అదురుకు ఫోను కెమెరా చెడవచ్చునని ఆపిల్ కంపెనీ 2021లో తానే హెచ్చరించింది. ఖరీదైన ఫోను కంటె, మూలన పడి ఉన్న పాత ఫోను హ్యాండిలుకు బిగించుట మేలు.

రెండవది, బండితో వచ్చే డయలు. రాయల్ ఎన్‌ఫీల్డ్‌వారు 2020 నవంబరులో మీటియర్ 350తో ఇటువంటి దానిని తెచ్చారు. ఫోను జేబులో భద్రంగా ఉంటుంది, చూపు రోడ్డు మీద నిలుస్తుంది. పట్టణములలో తిరిగేవారికి అనుకూలం. అయితే ఇది ఫోను నీడ మాత్రమే. ఫోనుకు దారి తెలియకపోతే దీనికీ తెలియదు.

మూడవది, ప్రత్యేక పరికరం. గార్మిన్ కంపెనీవారి జూమో, టామ్‌టామ్ వారి రైడర్ ఈ తెగలోనివి. 2020లో వచ్చిన జూమో ఎక్స్‌టీ తెర ఐదున్నర అంగుళములు. మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా చెడని విధముగా చేసినది. వచ్చిన క్రొత్తలో అమెరికాలో దాని ధర 500 డాలర్లు ఉండేది. నెలకు పలుమార్లు, వానలో, కొండలలో, గంటల తరబడి తిరుగువారికే ఈ ఖర్చు న్యాయం. విదేశములలో ఉన్న పిల్లలచేత తెప్పించుకునేవారు ఒకటి గమనించవలెను: అమెరికాలో అమ్మే పెట్టెలో ఆ ఖండపు పటములే ఉంటాయి. మన దేశపు పటం వేరుగా కొనాలి, లేదా ఉచిత పటం ఎక్కించుకోవాలి. అది చేయకపోతే మారేడుమిల్లిలో తెర తెల్లకాగితమే. మరియు ఉపగ్రహం ద్వారా సందేశములు పంపగల పరికరములను మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేనిదే వాడరాదు. వాటిని వెంట తెచ్చి విమానాశ్రయములలో పట్టుబడినవారు ఉన్నారు. వినే పరికరం తెప్పించుకోండి, మాట్లాడేది వద్దు.

ఏ రకమైనా, బండి కదిలేటప్పుడు దానిని వ్రేలితో తాకకండి. 2020 అక్టోబరు నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం బండి నడిపేటప్పుడు ఫోనును దారి చూసుకొనుటకు మాత్రమే, అదీ దృష్టి చెదరని విధముగానే వాడవచ్చును. చెవిలో మాట వినబడేలా పెట్టుకుని, కళ్లు రోడ్డుకు అప్పగించుట క్షేమం.

ఇంట్లోవారి కొరకు

మాస్టారు గారి ఇల్లాలి చింత ఇంతటితో తీరలేదు. "పెట్టె ఉంటే మీరు ఎక్కడున్నారో నాకు తెలుస్తుందా?" అని ఆమె అడిగారు. తెలియదు. జీపీఎస్ పరికరం వింటుందే గాని మాట్లాడదు. మనమున్న చోటును ఇంటికి పంపాలంటే ఫోను, టవరు ఉండవలసిందే. అందుచేత వారిద్దరు ఒక కట్టుబాటు చేసుకున్నారు. బయలుదేరేముందు ఏ దారిన వెళ్తున్నదీ, ఏ వేళకు ఏ ఊరు చేరేదీ ఒక కాగితం మీద వ్రాసి గోడకు తగిలిస్తారు. ఘాట్ ఎక్కేముందు మారేడుమిల్లిలో ఒక ఫోను, దిగాక చింతూరులో ఒక ఫోను. చీకటి పడితే ఘాట్ ఎక్కరు. ఎక్కడ ఉంటే అక్కడే నిలిచిపోతారు. ఇందుకు డాలరు ఖర్చు లేదు.

మన ప్రాంతంలో ఒకే పేరుతో ఎన్నో ఊళ్లు ఉన్నాయి. కొత్తపల్లి అని టైపు చేస్తే ఏ కొత్తపల్లి వస్తుందో తెలియదు. కనుక ఊరి పేరుతోపాటు మండలం పేరు వ్రాసుకోండి. వెళ్లే ఇంటివారినే వారి చోటు ముందుగా ఫోనులో పంపమని అడగండి. పెట్రోలు బంకు కనబడిన చోట ట్యాంకు నింపుకోండి.

మాస్టారు గారు చివరకు కుమారునికి ఫోను చేసి, "పెట్టె పంపు నాయనా, మన దేశపు పటం ఎక్కించి పంపు" అన్నారు. ఆయన తిరిగే దారులకు అది తగినదే. అయితే ఆ పెట్టె పెట్టుకున్న తరువాత కూడా ఆయన ప్రతి మట్టిదారి మొగలో బండి ఆపి, కాలు క్రింద పెట్టి, ఎదురైనవారిని పలుకరిస్తున్నారు. పరికరం మనమున్న చోటు చెబుతుంది, పటం దారి చెబుతుంది. ఆ దారి ఈ రోజు ఉన్నదో లేదో ఆ ఊరివారే చెప్పగలరు. కొనేటప్పుడు మొదటి రెండూ చూసి కొనండి. ప్రయాణంలో మూడవది అడుగుటకు సిగ్గుపడకండి.