విడిచిపెట్టడానికి పెంచిన ఉడుత



ఉడుత లేని పల్లె మన వైపు లేదు. దక్షిణాదిన మన తోటల్లోను, ఇంటి చూరుల్లోను తిరిగేది ఎక్కువగా మూడు చారల ఉడుత. ఎదిగిన ఉడుత తూకం నూరు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. తల్లి నెల పైచిలుకు కడుపులో మోసి, సాధారణంగా రెండు మూడు పిల్లలను కంటుంది. పుట్టినప్పుడు వాటికి వెంట్రుకలుండవు, కళ్లు తెరుచుకోవు. గడ్డి, కొబ్బరి పీచు, దూది ఏరుకొచ్చి కట్టిన గూటిలో సుమారు పది వారాల వయసు వరకు తల్లిపాలు తాగుతూ పెరుగుతాయి. రోజూ కళ్లెదుట తిరిగే ఈ ప్రాణిని గూర్చి ఇంతమాత్రమైనా నాకు తెలిసింది, ఒక పిల్ల మా ఇంటికి వచ్చిన తరువాతనే. పిల్లలున్న ప్రతి ఇంటికీ ఏదో ఒక దినాన అక్కరకు వస్తుందని ఆ సంగతులు రాస్తున్నాను.

మేముండేది కోనసీమలో. 2024 ఫిబ్రవరిలో మందిరం వెనుక తోటలో కొబ్బరి దింపు జరిగింది. చెట్టు తల శుభ్రం చేస్తుండగా ఎండు మట్టలతోపాటు ఒక గూడు కింద పడింది. అందులో రెండు పిల్లలు. పదేళ్ల మా చిన్నవాడు వాటిని చొక్కా అంచులో పెట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. సన్నటి నూగు మొలిచింది గాని కళ్లింకా తెరవలేదు.

వెంటనే పెంచుకుందామని వాడి ఆశ. అయితే పిల్లకు తల్లిని మించిన దాది లేదు. మనిషి చేయి తగిలితే తల్లి ముట్టదని మనలో చాలామంది అనుకుంటారు గాని అది నిజం కాదు. తల్లి బ్రతికి ఉంటే వెదుక్కుంటూ వచ్చి, పిల్లను నోట కరచుకొని వేరే గూటికి తీసుకుపోతుంది. అందుచేత ఒక అట్టపెట్టెలో పాత నూలుగుడ్డ పరచి, పిల్లలను అందులో ఉంచి, పెట్టెను అదే చెట్టు మొదట్లో కట్టాం. పిల్లి రాకుండా దూరాన కూర్చుని సాయంత్రం దాకా కాచాం. తల్లి రాలేదు. చీకటి పడ్డాక ఇంట్లోకి తెచ్చాం.

పక్కింటి అవ్వ గిన్నెతో ఆవుపాలు తెచ్చింది. నా భార్య ఆ గిన్నె అందుకొని పక్కన పెట్టి, పశువుల డాక్టరు గారికి ఫోను చేసింది. ఆయన చెప్పిన వరుస ఇది. మొదట వెచ్చదనం. చల్లబడిన పిల్లకు పాలు పడితే అరగవు. ఒళ్లు వెచ్చబడ్డాక గోరువెచ్చని ఓఆర్‌ఎస్ నీళ్లు. ఆ తరువాతనే పాలు, అవి కూడా ఆవుపాలు కావు. ఆవుపాలకు విరేచనాలు పట్టుకొని పిల్ల నీరసించి పోతుంది. కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి కలిపి పట్టమన్నారు. సూది తీసేసిన చిన్న సిరంజితో, పిల్లను బోర్లా పట్టుకొని, చుక్క చుక్కగా. వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు పట్టాక తడి దూదితో పొత్తికడుపు కింద మెల్లగా తుడవాలి. తల్లి నాకితే గాని అంత చిన్న పిల్లలు మూత్రం కూడా పోయలేవట. తల్లి చేసే పనులు ఇన్ని ఉంటాయని ఆ రాత్రి వరకు మేమెవ్వరం ఎరుగం.

కంసాలి గారి కాటా మీద తూచితే పెద్దది పద్దెనిమిది గ్రాములు, చిన్నది పదమూడు. తూకంలో ఇరవయ్యో వంతు, అంటే ఒక మిల్లీలీటరు లోపే, ఒక్కో పూట. రెండు మూడు గంటలకొకసారి, రాత్రి కూడా. నా భార్య, మా అమ్మాయి, నేను వంతులు వేసుకున్నాం.

చిన్నది మూడో రాత్రి చనిపోయింది. పొద్దున మావాడు దాన్ని మందారం చెట్టు కింద పాతిపెట్టి వచ్చి, ఏడవకుండా, “రెండోదాని పాలు వేళయింది నాన్నగారూ” అన్నాడు. ఎన్నో ఇళ్లలో మరణం తరువాతి ఉదయాన్ని చూసిన నాకు, ఆ మాటకు మించిన ఓదార్పు తోచలేదు.

ఈ సంగతి అటవీ శాఖ వారికి కూడా తెలియజేశాం. మన దేశంలో 1972 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. తల్లి లేని అడవి ప్రాణి చేతికి దొరికితే వారికి ఒక మాట చెప్పడం మంచిది. ఫోనులో మాట్లాడిన ఆయన, “బ్రతికించండి గాని పెంపుడు చేయకండి” అన్నారు. ఆ మాట మా ఇంటి గోడ మీద రాసుకోదగినది. బ్రతికించడం ఒక పని, విడవడం ఇంకొక పని. రెండవ పని చివర్లో మొదలుపెడితే కుదరదు. కళ్లు తెరిచిన దినం నుండే మొదలుపెట్టాలి.

పదో రోజున పిల్ల కళ్లు తెరిచింది. ఆ రోజే మూడు కట్టడలు పెట్టుకున్నాం. దానికి పేరు పెట్టకూడదు. ఒక్కరే మేత పెట్టాలి. ఆదివారం బడికి వచ్చే పిల్లలకు చూపించి చేతులు మార్చకూడదు. ఇందులో మొదటిదే మావాడికి కష్టమైంది. మనిషి చేతికి అలవాటుపడిన ఉడుత ఎవరి భుజం మీదికైనా ఎక్కుతుంది, కుక్కకైనా ఎదురు వెళ్తుంది. మనం ముద్దు అనుకునేది తోటలో దానికి మరణం.

పాలు తగ్గిస్తూ జామ, సపోటా, దోస ముక్కలు, నానిన శనగలు పెట్టాం. వేరుశనగ గుళ్లంటే ఉడుతకు ప్రాణం. కాని అవి ఒక్కటే పెడితే సున్నపు శక్తి చాలక ఎముకలు పెళుసవుతాయి. అందుకని బజారులో దొరికే సముద్రపు నురుగు ముక్క కూడా కొరుక్కోవడానికి వేసేవాళ్లం. పొద్దుటెండ తగిలే చోట ఉంచేవాళ్లం.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. మా పెరటి మామిడిచెట్టు పక్కనే సంఘ పెద్ద ఒకాయన కొబ్బరి తోట. కొబ్బరి నీడన కోకో వేశారు. పండిన కోకో కాయను ఉడుత కొరికి, గింజల చుట్టూ ఉండే తియ్యని గుజ్జు తింటుంది. కాయకు చిల్లు పడితే రైతుకు నష్టమే. ఆరాధన ముగిశాక ఆయన నా దగ్గరకు వచ్చి, “అయ్యగారండీ, దొంగను మేపి నా తోటలోకే తోలుతారా?” అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని ఆ మాటలో బాధ ఉంది. రైతుకు ఒక్కొక్క కాయా లెక్కే. ఆయన నష్టం నష్టం కాదని చెప్పే హక్కు నాకు లేదు. ఈ ఒక్కటి పోయినా తోటలో ఉడుతలు ఉండనే ఉన్నాయని, పండిన కాయను చెట్టు మీద నిలవ ఉంచక వెంటనే కోస్తే బెడద తగ్గుతుందని మాత్రం చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “అయితే నేను కాయ కోసుకున్నాక వదలండి” అన్నారు. వారం ఆగాం. పొరుగువాని కష్టం మీద మన దయ నిలబడకూడదు.

చివరి మూడు వారాలు ఇనుప జాలీ పెట్టెను మామిడి కొమ్మకు కట్టి, పిల్లను అందులోనే ఉంచాం. అక్కడ మేము నేర్పలేనిది తోట నేర్పింది. ఒకనాటి మధ్యాహ్నం పిల్లి గోడ మీదికి వచ్చింది. చెట్టు పైనున్న ఉడుతలన్నీ తోకలు విదిలిస్తూ చిక్ చిక్ మని అరిచాయి. మా పిల్ల మొదట బిగుసుకుపోయింది. తరువాత అదీ తోక విదిలించి అరవడం మొదలుపెట్టింది. “దానికి భయం వచ్చిందమ్మా!” అని మావాడు సంతోషంతో కేకవేశాడు. బిడ్డకు భయం వచ్చిందని సంతోషించడం ఎంత వింత!

ఏప్రిల్ రెండో వారంలో, నిర్మలంగా ఉన్న ఒక ఉదయాన పెట్టె తలుపు తీసి కట్టేశాం. నీళ్లు, మేత లోపలే ఉంచాం. గంటసేపు గుమ్మంలోనే కూర్చుంది. తరువాత కొమ్మ మీదికి వెళ్లింది. రాత్రి నిద్రకు పెట్టెలోకే వచ్చింది. ఇలా తొమ్మిది రాత్రులు. పదో రాత్రి రాలేదు. మేత మాత్రం మరికొన్ని రోజులు పెట్టాం, అదీ తగ్గిస్తూ.

“మనల్ని మరచిపోయిందా?” అని మావాడు అడిగాడు. వాళ్లమ్మ ముగ్గు గిన్నె కింద పెట్టి, “మరచిపోనీరా. పిల్లి వచ్చినప్పుడల్లా మనం చెట్టెక్కగలమా?” అంది.

ఆ జూన్‌లో మా అమ్మాయి ఇంటర్ చదువుకు హాస్టలుకు వెళ్లింది. పెట్టె సర్దుతూ నా భార్య, బట్టలు ఉతుక్కోవడం, ఖర్చు రాసుకోవడం, ఒంటరిగా బస్సు ఎక్కడం దానికి ఎప్పుడో నేర్పానని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. కళ్లు తుడుచుకుంటూనే లెక్కపెట్టింది. తల్లిదండ్రులారా, బిడ్డ మన ఒడిలో ఉన్నప్పుడే మొదలుపెట్టవలసిన పని అది. బయలుదేరే ముందటి రాత్రి చెప్పే బుద్ధి మాటలు ఎంతని అంటుకుంటాయి?

చివరగా ఒక మనవి. మీ తోటలో దింపు తీసే అతనితో ముందుగానే ఒక మాట చెప్పండి. గూడు కనబడితే ఆ మట్టను ఈ దింపుకు వదిలేయమనండి. రెండో దింపు నాటికి గూడు ఖాళీ అయిపోతుంది. తల్లే పెంచుకుంటుంది, తల్లే పంపుతుంది. మనకు సిరంజి అక్కరలేదు, ఏ పసివాడూ మందారం కింద గుంట తవ్వనక్కరలేదు.