ఇంటిదారిలో దొరికిన దేవుళ్లు

రైలు మధ్యలో ఆగిపోయింది. శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్‌కు తిరిగి వెళుతున్న ఓ వృద్ధ జంటకు ఆ చికాకే కొత్త నమ్మకాన్ని మిగిల్చింది.

బాలాసోర్ ప్లాట్‌ఫారం మీద రైలు ఆగి రెండు గంటలు దాటింది. మొదట సిగ్నల్ లేదన్నారు. తర్వాత చూద్దామన్నారు. చివరికి బండి ఇక ముందుకు పోదని తేల్చేశారు. 2022 సెప్టెంబర్ 20న మొదలైన రైల్ రోకో అది. ఖరగ్‌పూర్ దాటాక వచ్చే ఖేమాశూలి దగ్గర కుడ్మీలు పట్టాల మీద బైఠాయించారు. తమను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చాలని, కుర్మాలీ భాషకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు ఇవ్వాలని వారి డిమాండ్. పక్కనే ఉన్న జాతీయ రహదారినీ దిగ్బంధించారు. దాంతో టాటానగర్ వెళ్లాల్సిన వందలాది మంది సామాన్లతో సహా దిగిపోవాల్సి వచ్చింది.

వారిలో ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆయన భార్య ఉన్నారు. పితృపక్షాల్లో తండ్రికి తద్దినం పెట్టడానికి ఆమదాలవలస దగ్గరున్న సొంతూరికి వెళ్లి తిరిగొస్తున్నారు. ఆమెకు షుగర్. ఇన్సులిన్ సీసా ఫ్లాస్కులో ఐసు మధ్య ఉంది. ఐసు కరిగి నీళ్లయింది. రైలు ఆగినందుకు కాదు, దానికే ఆయనకు కాళ్లు చల్లబడ్డాయి. పితృకార్యం చేసి వస్తుంటే ఇదా ఫలితం అని దేవుణ్ణి తిట్టుకున్నారు. ‘‘ఆయన్నెందుకు ఆడిపోసుకుంటారు, ముందు ఐసు సంగతి చూడండి’’ అందామె.

జంషెడ్‌పూర్ తెలుగువారికి రైలంటే ప్రయాణ సాధనం మాత్రమే కాదు, కుటుంబ చరిత్ర. 1907లో టాటాల ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చీ గ్రామం దగ్గర కట్టిన కర్మాగారంలో 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్లాయి. ఆ సేవకు గుర్తుగా 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌జీ పేరు పెట్టారు. కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. పని వెతుక్కుంటూ ఆ స్టేషన్‌లో దిగినవారిలో ఉత్తరాంధ్ర పల్లెల వాళ్లు ఎందరో ఉన్నారు. ఈ పెద్దాయన తండ్రీ అలా దిగినవాడే. కొడుకు కద్మాలో పుట్టాడు, బడిలో హిందీ నేర్చుకున్నాడు, ఇంట్లో మాత్రం శ్రీకాకుళం యాసే మాట్లాడాడు. 2000 నవంబర్ 15న బీహార్ కాస్తా జార్ఖండ్ అయింది. ఇల్లు మాత్రం మారలేదు. ఊరెళితే ‘టాటావోళ్లు వచ్చారు’ అంటారు. టాటాలో ‘ఆంధ్రావాలే’ అంటారు. రెంటి మధ్యా ఉన్న తాడు రైలే. అది తెగినప్పుడే తామెక్కడి వాళ్లమన్న ప్రశ్న ఎదురవుతుంది.

స్టేషన్ బయట కూల్‌డ్రింకుల కొట్టు ఉంది. పెద్దాయన వచ్చీరాని ఒడియాలో విషయం చెప్పారు. కొట్టతను ఫ్రిజ్‌లోని ఐసు గడ్డ పగలగొట్టి ఫ్లాస్కు నింపాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. తన తల్లీ అదే మందు వాడుతోందన్నాడు. అంతేకాదు, రైలు కోసం కూర్చోవద్దని, రోడ్డు దారి ఉందని చెప్పిందీ అతనే. బాలాసోర్ నుంచి బారిపదా, బహరాగోడా, ఘాట్‌శిల మీదుగా జంషెడ్‌పూర్‌కు దాదాపు 200 కిలోమీటర్లు. ఆ దారిలో ఖేమాశూలి తగలదు.

బారిపదాలో బస్సు మారారు. కాలు పెట్టే చోటు లేదు. కండక్టర్ తన సీటులో ఆమెను కూర్చోబెట్టి, దారంతా నిలబడే టికెట్లు కొట్టాడు. మాటల్లో తెలిసింది, అతను మహతో. పట్టాల మీద కూర్చున్నది అతని కులస్థులే. పెద్దాయన నోటిదాకా వచ్చిన కోపం అక్కడే ఆగిపోయింది. ఒకప్పుడు తమ పేరు తెగల జాబితాలో ఉండేదని, తర్వాత తీసేశారని, తాతల నాటి నుంచి అడుగుతున్నా ఎవరూ వినలేదని అతను నెమ్మదిగా చెప్పాడు. ఆ వెంటనే మాతాజీకి ఇబ్బంది కలిగినందుకు బాధగా ఉందనీ అన్నాడు. ఆ వాదన సబబో కాదో పెద్దాయనకు తెలియదు. తమ వాళ్లూ ఒకప్పుడు పరాయి చోట గుర్తింపు కోసం తపించినవాళ్లే అన్నది మాత్రం గుర్తొచ్చింది.

ఘాట్‌శిల రాగానే ప్రయాణికులు రంకిణి అమ్మవారిని తలచుకుని చేతులు జోడించారు. ఒకప్పటి ధల్‌భూమ్ రాజుల కులదేవత ఆమె. పొద్దున దేవుణ్ణి తిట్టుకున్న పెద్దాయన చేతులూ వాటంతటవే కలిశాయి.

ఇలాంటి ఇంటిదారి తెలుగు నేల మీద నుంచీ సాగింది. కోవిడ్ లాక్‌డౌన్‌లో దేశంలోని తొలి శ్రామిక రైలు 2020 మే 1న లింగంపల్లి నుంచే బయల్దేరింది. దాదాపు 1,200 మంది జార్ఖండ్ కూలీలను ఎక్కించుకుని ఆ రాత్రే రాంచీ దగ్గరి హతియా చేరింది. అన్నం పెట్టిన చేతులను తలచుకుంటూ ఇల్లు చేరినవాళ్లు అప్పుడు వాళ్లు. ఈసారి వంతు తెలుగు జంటది.

రాత్రి పదింటికి బస్సు మాంగో చేరింది. వంతెన కింద సువర్ణరేఖ, వెనక చీకట్లో దల్మా కొండలు, అవతల సాక్చీ దీపాలు. ‘‘ఇంటికొచ్చేశాం’’ అందామె. నాలుగు రోజుల కిందట సొంతూళ్లో దిగినప్పుడూ ఆమె అదే మాట అన్నది.

మర్నాడు ఇద్దరూ బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వెళ్లారు. అర్చనకు పూజారి గోత్రం, పేర్లు అడిగారు. పెద్దాయన తమ పేర్లు చెప్పి ఆగారు. మరో రెండు పేర్లు చెప్పాలని ఉంది. కానీ కొట్టతని పేరు అడగనేలేదు, కండక్టర్ గోత్రం తెలియదు. సంగతి విన్న పూజారి, దేవుడికి తెలియని గోత్రాలా అని అర్చన కానిచ్చారు.

రైల్ రోకో ఐదు రోజుల తర్వాత ముగిసింది. 2023 ఏప్రిల్‌లో అదే ఖేమాశూలిలో మళ్లీ రైళ్లు ఆగాయి. సమస్య తీరలేదు గనక బండి మళ్లీ ఆగదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అందుకే పెద్దాయన ఊరెళ్లినప్పుడల్లా సంచిలో రెండు ఫ్లాస్కులు పెట్టుకుంటున్నారు. ఒకటి భార్య మందుకు. రెండోది, దారిలో మరెవరికైనా అవసరమైతే ఇవ్వడానికి.